గావో హోంగ్ ఆట, కోచింగ్: 1999 ఫైనల్ ఫొటోలో కనబడని చైనా గోల్‌కీపర్ గురించి చర్చ

విశాఖ వీక్షకుడు

మహిళల ఫుట్‌బాల్ చరిత్ర మాట వస్తే చాలు, 1999 జూలై 10న పాసడీనాలోని రోజ్ బౌల్ స్టేడియంలో, చైనాపై ప్రపంచ కప్ ఫైనల్‌ను గెలిపించిన పెనాల్టీ కొట్టాక అమెరికా క్రీడాకారిణి బ్రాండీ చాస్టెయిన్ జెర్సీ విప్పి మోకాళ్ళ మీద కూలబడిన ఫొటో అందరికీ గుర్తుకు వస్తుంది. 90,185 మంది ప్రేక్షకుల ఎదుట ఆ పెనాల్టీని ఎదుర్కొన్న గోల్‌కీపర్ ఎవరని అడిగితే మాత్రం ఆటను ఏళ్ళ తరబడి చూస్తున్నవారు కూడా తడుముకుంటారు. ఆమె పేరు గావో హోంగ్. 1967లో ఇన్నర్ మంగోలియా రాజధాని హోహోట్‌లో, అంటే చైనా ఉత్తరపు కొసన పుట్టి, దక్షిణపు కొసనున్న గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్ జట్టుకు ఆడి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో రజతం, 1999 ప్రపంచ కప్‌లో రెండో స్థానం అందుకున్న జట్లకు గోల్‌కీపర్‌గా నిలిచి, ఆ తర్వాత అమెరికాలోని తొలి ప్రొఫెషనల్ మహిళా లీగ్‌లో న్యూయార్క్ పవర్ తరఫున ఆడి, చివరకు కోచ్‌గా మారి 2010ల తొలి సగంలో చైనా అండర్-17 బాలికల జట్టును ప్రపంచ కప్‌లో నడిపించిన వ్యక్తి ఆమె.

ఆమె గురించి తెలుగులో ఎక్కడా విస్తృతంగా రాసినట్టు నాకు కనబడలేదు కనుక ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నేను తేల్చుకోవాలనుకుంటున్నవి రెండు. ఆ ఫైనల్ ఓటమిలో ఆమె పాత్ర ఎంత? గోల్‌కీపర్‌గా జీవితం గడిపినవారు గోల్‌కీపింగ్ కోచ్ పదవి దగ్గరే ఆగిపోకుండా హెడ్ కోచ్‌లు కావడం ఎందుకు అంత అరుదు?

బాక్స్ లోపల

మొదటి ప్రశ్నకు అంకెలే జవాబు చెబుతాయి. 1999 ప్రపంచ కప్‌లో చైనా ఆరు మ్యాచ్‌లు ఆడింది, 19 గోల్స్ చేసింది, షూటౌట్‌ను, అంటే ఆట సమంగా ముగిశాక గెలుపు తేల్చడానికి కొట్టే పెనాల్టీల వరుసను మినహాయిస్తే రెండే గోల్స్ ఇచ్చింది. మొదటిది స్వీడన్‌తో తొలి మ్యాచ్ రెండో నిమిషంలోనే క్రిస్టిన్ బెంగ్ట్‌సన్ చేసిన గోల్. అప్పటికి జట్టు ఇంకా కుదురుకోలేదు, తర్వాత చైనా 2-1తో గెలిచింది. రెండోది ఆస్ట్రేలియా డిఫెండర్ షెరిల్ సాలిస్‌బరీ కొట్టినది. ఆ తర్వాత రష్యా ఒక్క గోల్ కూడా చేయలేదు, అప్పటి ప్రపంచ ఛాంపియన్ నార్వే చేయలేదు, ఫైనల్లో అమెరికా 120 నిమిషాలు ఆడీ చేయలేదు. టోర్నమెంట్ ముగిశాక ప్రకటించిన ఆల్‌స్టార్ జట్టులో గావో పేరు ఉందంటే అది ఊరడింపు కోసం చేర్చిన పేరు కాదు.

ఓడిపోయింది షూటౌట్. అది కూడా ఒక్క కిక్ తేడాతో.

కొత్త సభ్యురాలు

నేను ఆ మ్యాచ్ చూడలేదు, ముఖ్యాంశాల వీడియోలు మాత్రమే చూశాను. షూటౌట్‌లో అమెరికా తీసిన ఐదు పెనాల్టీలూ గోల్స్ అయ్యాయి కదా. అమెరికా గోల్‌కీపర్ బ్రియానా స్కర్రీ ఒకటి ఆపింది, గావో ఒక్కటీ ఆపలేదు. మరి ఇద్దరినీ పోల్చినప్పుడు గావో తక్కువ స్థాయి గోల్‌కీపర్ అనుకోవడంలో తప్పేముంది? పెద్దలు వివరిస్తే తెలుసుకుంటాను.

బాక్స్ లోపల

అమ్మా, మీ ప్రశ్న సహజమైనదే, కాకపోతే షూటౌట్ గోల్‌కీపర్‌కు పెట్టే పరీక్ష కాదు, కిక్ కొట్టేవారికి పెట్టే పరీక్ష. అక్కడ గోల్‌కీపర్ పోగొట్టుకునేది ఏమీ లేదు, దొరికితే దొరికినట్టు. నేను ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, పిల్లలకు గోల్‌కీపింగ్ కూడా నేర్పుతాను, కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఆ రోజు కిక్‌ల వరుస ఇది. చైనా తరఫున షె హుయిలిన్ గోల్ చేసింది, అమెరికా తరఫున కార్లా ఓవర్‌బెక్ గోల్ చేసింది. చియు హైయాన్, జాయ్ ఫాసెట్ ఇద్దరూ చేశారు. మూడో కిక్‌కు లియు యింగ్ వచ్చింది. ఆమె నడిచి వచ్చే తీరులోనే తడబాటు కనబడిందని, ఈ కిక్ ఆపగలనని అప్పుడే అనిపించిందని స్కర్రీ తర్వాత చెప్పుకుంది. కిక్ తగలకముందే స్కర్రీ గోల్ గీత దాటి ముందుకు అడుగులు వేసి, కోణం తగ్గించి, ఎడమవైపు దూకి ఆపింది. అప్పటి నిబంధన ప్రకారం గోల్‌కీపర్ గీత వెంబడి పక్కలకు కదలవచ్చు, 1997లో ఆ వెసులుబాటు ఇచ్చారు, కానీ కిక్ పడకముందు ముందుకు రావడానికి మాత్రం వీల్లేదు. రిఫరీ నికోల్ పెటిన్యా విజిల్ ఊదలేదు. స్కర్రీ కూడా దాన్ని దాచుకోలేదు. ఆ తర్వాత క్రిస్టీన్ లిల్లీ, ఝాంగ్ ఔయింగ్, మియా హామ్, సున్ వెన్ వరుసగా గోల్స్ చేశారు, చివరిది చాస్టెయిన్‌ది. 5-4.

గీత మీద నిలబడి ఆడిన గోల్‌కీపర్‌ను, గీత దాటి వచ్చి ఆపిన గోల్‌కీపర్‌ను ఒకే త్రాసులో వేయడం నాకు న్యాయంగా తోచదు.

ఎడిసన్ తెలుగువాడు

గీత విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేను. ఆ రోజుల్లో ప్రపంచంలోని గోల్‌కీపర్లందరూ ఎంతో కొంత ముందుకు వచ్చేవారు, రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేసేవారు. రిఫరీ ఎంతవరకు సహిస్తారో కనిపెట్టి అంతవరకూ వెళ్ళడం కూడా గోల్‌కీపర్ నైపుణ్యంలో భాగమే. స్కర్రీ ఆ పని చేసింది. గావో చేయలేదు. ఇది నిందించడం కాదు, ఉన్న తేడాను చెప్పడం.

నేను అదే టోర్నమెంట్‌లో చైనా-ఆస్ట్రేలియా మ్యాచ్‌ను న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియంలో కూర్చుని చూశాను. ఆస్ట్రేలియా క్రీడాకారిణి అలీసియా ఫెర్గూసన్‌కు రెండో నిమిషంలోనే రెడ్ కార్డ్ చూపించిన మ్యాచ్ అది. పది మందితో మిగిలిన ప్రత్యర్థిపై చైనా 3-1తో గెలిచింది కనుక గావోకు పెద్దగా పని పడలేదు. అయినా నా కళ్ళు మాటిమాటికీ ఆమె మీదికే పోయేవి. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు ఆమె తన పెనాల్టీ బాక్స్ అంచు దాకా నడిచి వచ్చి చేతులు చాచి డిఫెండర్లను సర్దుతూనే ఉండేది, బంతి మధ్య గీత దాటగానే చిన్న చిన్న అడుగులతో వెనక్కి తగ్గేది. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కనుక ఇంట్లో కూర్చుని చూసేవారికి అది కనబడదు. మైదానాన్ని నడిపించడం ఆమెకు అప్పుడే అలవాటు, కోచ్ పదవి ఆ తర్వాత వచ్చింది.

రైల్వే కాలనీ

ఫైనల్ గురించి మాట్లాడేవారు షూటౌట్‌తో మొదలుపెట్టి షూటౌట్‌తోనే ముగిస్తారు. అంతకుముందు అదనపు సమయంలో, 100వ నిమిషం ప్రాంతంలో జరిగిన సంఘటనను మరిచిపోకూడదు. అప్పట్లో గోల్డెన్ గోల్ నిబంధన అమలులో ఉండేది, అంటే అదనపు సమయంలో ఎవరు ముందు గోల్ చేస్తే వారికే కప్పు, ఆట అక్కడితో సమాప్తం. చైనాకు కార్నర్ వచ్చింది. ఫాన్ యున్‌జియె తల పెట్టింది, బంతి స్కర్రీని దాటిపోయింది, గోల్ గీత మీద కాపు కాస్తున్న క్రిస్టీన్ లిల్లీ తలతో దాన్ని బయటికి కొట్టింది. ఆ బంతి ఒక్క అడుగు అటు పడి ఉంటే మ్యాచ్ అప్పుడే ముగిసేది, ఆ టోర్నమెంట్‌లో గావో ఇచ్చిన గోల్స్ రెండేనని పుస్తకాల్లో రాసుకునేవారు, చాస్టెయిన్ ఫొటో పుట్టేదే కాదు.

అమెరికాను ఆ గండం నుంచి గట్టెక్కించింది స్కర్రీ కాదు, మిడ్‌ఫీల్డర్ లిల్లీ. అందుకే గోల్‌కీపర్లను షూటౌట్‌తో తూచడం నాకూ నచ్చదు.

ఇంకొకటి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇవే రెండు జట్లు గ్రూప్ దశలో మెల్‌బోర్న్‌లో తలపడి 1-1తో డ్రా చేసుకున్నాయి. ఆ మ్యాచ్‌లో అదే క్రిస్టీన్ లిల్లీ కొట్టిన పెనాల్టీని గావో ఆపింది. ఆ ఒలింపిక్స్‌లో చైనా గ్రూప్ దశ దాటకపోవడంతో ఆ సేవ్ ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

విశాఖ వీక్షకుడు

రైల్వే కాలనీ గారూ, ధన్యవాదాలు. 1996 ఫైనల్‌ను కూడా ఇక్కడ చేర్చాలి, ఎందుకంటే అక్కడ గావో ఆటలోని మంచీ చెడూ ఒకే బంతిలో కనబడతాయి. ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాల్‌ను తొలిసారి చేర్చిన సంవత్సరం అది. సెమీఫైనల్లో బ్రెజిల్ చేతిలో 2-1తో వెనుకబడిన చైనాను వే హైయింగ్ చివరి నిమిషాల రెండు గోల్స్‌తో ఒడ్డున పడేసింది. ఆగస్టు 1న జార్జియా రాష్ట్రం ఏథెన్స్ పట్టణంలోని శాన్‌ఫర్డ్ స్టేడియంలో ఫైనల్. 19వ నిమిషంలో మియా హామ్ కొట్టిన బంతిని గావో వేళ్ళకొసలతో పోస్ట్ మీదికి మళ్ళించింది. గొప్ప సేవ్ అది. కానీ పోస్ట్‌కు తగిలిన బంతి తిరిగి మైదానంలోకే వచ్చింది, అక్కడ కాచుకుని ఉన్న షానన్ మెక్‌మిలన్ దాన్ని గోల్‌లోకి నెట్టింది. సున్ వెన్ స్కోరు సమం చేసినా 68వ నిమిషంలో టిఫనీ మిల్‌బ్రెట్ గోల్‌తో అమెరికా 2-1తో స్వర్ణం గెలుచుకుంది.

ఆ మొదటి గోల్‌కు గోల్‌కీపర్‌ను తప్పుపట్టాలా, వెనక్కి పరుగెత్తని డిఫెండర్లను తప్పుపట్టాలా అన్నది ఎప్పటికీ తెగని తగువు. నా ఓటు రెండోదానికి.

బాక్స్ లోపల

నా ఓటు కూడా. బంతిని పక్కకు మళ్ళించాలని గోల్‌కీపర్‌కు నేర్పుతాం, కానీ పోస్ట్‌కు తగిలాక అది ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. రెండో బంతి డిఫెండర్ల బాధ్యత.

గావో తరం గోల్‌కీపర్లకు మరో కష్టం కూడా వచ్చిపడింది. 1992లో బ్యాక్‌పాస్ నిబంధన మారింది. అంతకుముందు డిఫెండర్ కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేతులతో పట్టుకోవచ్చు. 1991లో గ్వాంగ్‌డాంగ్‌లోనే జరిగిన మొదటి మహిళల ప్రపంచ కప్ ఆ పాత పద్ధతిలో, 80 నిమిషాల మ్యాచ్‌లతో నడిచింది. అప్పుడు చైనా గోల్‌లో ఉన్నది ఝోంగ్ హోంగ్‌లియాన్. 1995 నాటికి నిబంధన మారిపోయింది, కాళ్ళతో ఆడటం రాని గోల్‌కీపర్ జట్టుకు భారమైపోయింది. ఇరవై దాటాక పాత అలవాటును వదిలించుకుని, రెండు కాళ్ళతో బంతిని బయటికి పంపే విద్య కొత్తగా నేర్చుకోవలసి వచ్చిన తరం అది. అలా నేర్చుకున్నవారు ఇతరులకు నేర్పేటప్పుడు తమ తర్వాతి తరం కంటే ఓపికగా నేర్పుతారని నా అనుభవం, ఎందుకంటే ఏది ఎక్కడ కష్టమో వారికి గుర్తుంటుంది.

కొత్త సభ్యురాలు

1995 ప్రపంచ కప్‌లో చైనా ఏం చేసింది? ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

రైల్వే కాలనీ

నాలుగో స్థానం. చెప్పుకోదగ్గది క్వార్టర్ ఫైనల్: ఆతిథ్య దేశం స్వీడన్‌తో హెల్సింగ్‌బోరీలో ఆట. చైనా 1-0తో గెలిచేసినట్టే అనిపించిన వేళ ఇంజురీ టైమ్‌లో స్వీడన్ సమం చేసింది, సొంత ప్రేక్షకులు ఊగిపోయారు, ఆట షూటౌట్‌కు వెళ్ళింది. గోల్‌లో గావో ఉండగా చైనా 4-3తో గెలిచింది. 1999 షూటౌట్‌ను తలచుకుని ఆమె పెనాల్టీలకు బలహీనురాలనేవారు ఈ మ్యాచ్‌ను లెక్కలోకి తీసుకోవడం లేదు. సెమీస్‌లో జర్మనీ చేతిలో 88వ నిమిషం గోల్‌తో 0-1 ఓటమి, మూడో స్థానం కోసం జరిగిన ఆటలో అమెరికా చేతిలో 0-2 ఓటమి.

ఎడిసన్ తెలుగువాడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విశాఖ వీక్షకుడు గారి రెండో ప్రశ్నకు సమాధానం ఆ రోజ్ బౌల్ మైదానంలోనే, అమెరికా బెంచీ మీదే కూర్చుని ఉంది. 1999 అమెరికా జట్టు హెడ్ కోచ్ టోనీ డిచికో స్వయంగా మాజీ గోల్‌కీపర్. 1991లో అమెరికా తొలి ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆయన ఆ జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్‌గా పనిచేశారు, 1994లో హెడ్ కోచ్ అయ్యారు. అంటే గోల్‌పోస్టుల మధ్య మొదలై, గోల్‌కీపింగ్ కోచ్ మీదుగా, హెడ్ కోచ్ దాకా వెళ్ళే దారిని పూర్తిగా నడిచిన మనిషి గావో ఎదుటి జట్టును నడిపించారు.

ఆ ఫైనల్లో ఆయన గోల్‌కీపర్ బుర్ర పనిచేసిన చోటు చూడండి. అదే ఏడాది మార్చిలో పోర్చుగల్‌లో జరిగిన అల్గార్వ్ కప్‌లో చైనా 2-1తో అమెరికాను ఓడించింది. ఆ టోర్నమెంట్‌లో చాస్టెయిన్ గావో మీద కుడికాలితో కొట్టిన పెనాల్టీ క్రాస్‌బార్‌కు తగిలి పోయింది. కిక్‌కు ముందు గావో ఆమె కళ్ళలోకి సూటిగా చూసి చిరునవ్వు నవ్విందని, ఆ నవ్వుతో తన మనసు చెదిరిందని చాస్టెయిన్ తర్వాత చెప్పుకుంది. చాస్టెయిన్ కిక్‌లను గోల్‌కీపర్లు ముందే పసిగట్టేస్తున్నారని డిచికో గ్రహించి, ఎడమకాలితో సాధన చేయమన్నారు. జూలైలో ఐదో కిక్‌కు ఆమె ఎడమకాలితోనే కొట్టింది, గావో వైపు తలెత్తి చూడకుండా.

ఈ ఒక్క విషయం గావో గొప్పదనం గురించి ఆల్‌స్టార్ జట్టు కంటే ఎక్కువ చెబుతుంది. ప్రపంచంలో అత్యుత్తమ జట్టు, ఒక మాజీ గోల్‌కీపర్ ఆధ్వర్యంలో, ఒక గోల్‌కీపర్‌ను తప్పించుకోవడానికి తన క్రీడాకారిణి కాలినే మార్చింది.

విశాఖ వీక్షకుడు

డిచికో గోల్‌కీపర్ అన్న సంగతి ఈ చర్చకు కొత్త దారి చూపింది. ఇంకా పేర్లు చూస్తే, పురుషుల్లో డీనో జాఫ్ ఇటలీని 2000 యూరో ఫైనల్ దాకా నడిపించారు, కోచ్‌లు లోపెతేగీ, నూనో ఎస్పిరితో శాంతో ఇద్దరూ మాజీ గోల్‌కీపర్లే. మహిళల్లో జర్మనీ గోల్‌కీపర్ జిల్కె రోటెన్‌బర్గ్ తన దేశపు బాలికల జట్లకు గోల్‌కీపింగ్ కోచ్‌గా పనిచేశారు. స్కర్రీ విషయం బాధాకరం: 2010లో తలకు తగిలిన దెబ్బతో ఆట ముగిసింది, ఏళ్ళ తరబడి తలనొప్పులతో, మానసిక కుంగుబాటుతో పోరాడి, చాలా ఆలస్యంగా వాషింగ్టన్ స్పిరిట్ జట్టుకు సహాయ కోచ్‌గా వచ్చారు.

మొత్తం మీద గోల్‌కీపింగ్ కోచ్‌లు చాలామంది కనబడతారు, హెడ్ కోచ్‌లు వేళ్ళ మీద లెక్కించేంత. గావో అండర్-17 స్థాయిలోనైనా హెడ్ కోచ్‌గా నిలిచారంటే అది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

సెంటర్‌హాఫ్

చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. కొంత ప్రతివాదం కూడా ఉండాలి కనుక రాస్తున్నాను. గోల్‌కీపర్లు హెడ్ కోచ్‌లు కాకపోవడానికి వివక్ష ఒక్కటే కారణం కాదు. గోల్‌కీపర్ రోజువారీ సాధన జట్టుకు దూరంగా, మైదానం మూలన, వేరే కోచ్‌తో జరుగుతుంది. మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురు చుట్టుముట్టినప్పుడు బంతిని ఎటు తిప్పాలో, నలుగురి ఒత్తిడిలో ఎప్పుడు ముందుకు దూకాలో శరీరానికి తెలిసేలా ఆ సాధన ఉండదు. చూడటం వేరు, చేయడం వేరు. గోల్‌కీపర్ మొత్తం మైదానాన్ని చూస్తాడు కనుక గొప్ప కోచ్ అవుతాడనే వాదన వినడానికి బాగుంటుంది, అంతే. స్టాండ్‌లో కూర్చున్న మనమూ మొత్తం మైదానాన్ని చూస్తాం.

బాక్స్ లోపల

మీ చివరి వాక్యం చమత్కారంగా ఉంది కానీ పొసగదు. మనం చూసి ఊరుకుంటాం. గోల్‌కీపర్ చూసినదాన్ని రెండు సెకన్లలో మాటగా మార్చి, అరిచి, పదిమంది చేత పాటింపజేయాలి, పాటించకపోతే ఫలితం తన వలలో పడుతుంది. పెళ్ళి భోజనాల్లో వడ్డనకు నిలబడే పెద్దమనిషి లాంటి పని అది: తాను విస్తరి ముందు కూర్చోడు, కానీ ఏ బంతిలో ఏ కూర అందలేదో ఆయనకే ముందు తెలియాలి. కోచ్ చేసేది ఈ పనే.

మీరు చెప్పిన మొదటి అంశంలో మాత్రం బలం ఉంది. సాధన విడిగా జరగడం నిజంగా లోపమే. ఆ లోటును పూడ్చుకోవడానికి గోల్‌కీపర్లకు ఆట విరమించాక అదనంగా చదువు, సహాయ కోచ్ అనుభవం కావాలి. డిచికోకు 1991లో ఆ అవకాశం దక్కింది.

సెంటర్‌హాఫ్

అంతవరకు ఒప్పుకుంటాను. అయితే చైనాలో ఆ అవకాశం ఎంతమందికి దక్కింది? అక్కడి క్రీడా వ్యవస్థ ప్రావిన్స్ జట్ల మీద, నాలుగేళ్ళకోసారి జరిగే జాతీయ క్రీడల మీద ఆధారపడి నడుస్తుంది. ప్రావిన్స్ అధికారులకు కావలసింది జాతీయ క్రీడల్లో పతకం, పదేళ్ళ తర్వాత తయారయ్యే గోల్‌కీపర్ కాదు. 1986 నుంచి 1999 వరకు ఏడుసార్లు వరుసగా ఆసియా కప్ గెలిచిన మహిళా జట్టు, 2003 ప్రపంచ కప్ క్వార్టర్స్‌లో కెనడా చేతిలో ఓడి, 2011 ప్రపంచ కప్‌కు అర్హత కూడా సాధించలేకపోయిందంటే, మైదానంలో దిగినవారి కంటే కింది స్థాయిలో పిల్లలను తయారుచేయని వ్యవస్థే ఎక్కువ బాధ్యురాలు. 2003 ప్రపంచ కప్ చైనాలో జరగవలసింది, సార్స్ వ్యాధి వల్ల అమెరికాకు మారింది, సొంత గడ్డ మీద ఆడే అవకాశం కూడా అలా పోయింది. సున్ వెన్, లియు ఐలింగ్, గావో హోంగ్‌ల తరానికి వారసులు కావలసిన పదేళ్ళ పిల్లలు అప్పుడు ఎక్కడున్నారన్నది అసలు ప్రశ్న.

విశాఖ వీక్షకుడు

మీరు విమర్శగా రాసినా, నా వాదనకు ఇది బలమే. 1999 తరంలో పేరున్నవారంతా సీనియర్ జట్టు చుట్టూ తిరిగినా తప్పుపట్టేవారు లేరు. గావో వెళ్ళింది పదహారు, పదిహేడేళ్ళ పిల్లల దగ్గరికి, అంటే మీరు లోటు ఉందంటున్న చోటికే. అండర్-17 కోచ్‌కు పేరు రాదు. ఆ వయసు పిల్లలు గెలిస్తే సీనియర్ జట్టులోకి వెళ్ళాక అక్కడి కోచ్‌కు పేరు వస్తుంది, ఓడితే మాత్రం ఈమె ఖాతాలో పడుతుంది. గోల్‌కీపర్ ఉద్యోగంలో ఉన్న అన్యాయమే ఇక్కడా ఉంది, దానికి ఆమె ముందే అలవాటు పడి ఉండాలి.

ఎడిసన్ తెలుగువాడు

అమెరికా అధ్యాయం గురించి నాలుగు మాటలు. 2001లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూయూఎస్ఏ మొదలైనప్పుడు చైనా క్రీడాకారిణులను ఒక్కో జట్టు పంచుకుంది: సున్ వెన్ అట్లాంటా బీట్‌కు, లియు ఐలింగ్, ఝావో లిహోంగ్ ఫిలడెల్ఫియా ఛార్జ్‌కు, ఫాన్ యున్‌జియె శాన్ డియేగో స్పిరిట్‌కు, గావో న్యూయార్క్ పవర్‌కు వెళ్ళారు. పవర్ ఆటలు లాంగ్ ఐలండ్‌లోని మిచెల్ మైదానంలో జరిగేవి. 90 వేల మంది ముందు ఆడిన మనిషి అక్కడ కొన్ని వేల మంది ముందు, ఎక్కువగా పాఠశాల బాలికల ముందు, కొత్త భాషలో డిఫెండర్లను పిలుస్తూ ఆడింది. ఆ లీగ్ మూడు సీజన్లు నడిచి 2003 సెప్టెంబరులో, ప్రపంచ కప్ మొదలవడానికి కొద్ది రోజుల ముందే మూతపడింది. ఆటగాళ్ళకు జీతం ఇచ్చే మహిళల లీగ్ ఎంత అస్థిరమైనదో లోపలినుంచి చూడటం కోచ్ కాబోయే మనిషికి పనికొచ్చే చదువే అనుకుంటాను.

కొత్త సభ్యురాలు

ఇంత చర్చలో మన ప్రస్తావన ఎక్కడా రాలేదు. గోల్‌కీపర్‌గా ఆడి కోచ్ అయినవారు మన దగ్గర ఎవరైనా ఉన్నారా?

రైల్వే కాలనీ

ఉన్నారు, పైగా హైదరాబాద్‌లో పుట్టినవారే. పీటర్ తంగరాజ్, 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత గోల్‌కీపర్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు సభ్యుడు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా హైదరాబాదీయే. తంగరాజ్ ఆట మానాక కోచింగ్‌లోకి వెళ్ళి, 2008లో బొకారోలో కన్నుమూశారు. గావోతో పోలిక అంతవరకే, మిగతాది వేరే చర్చలో మాట్లాడుకుందాం.

చైనా మహిళల జట్టుతో మన దేశానికి నేరుగా ఉన్న సంబంధం 2022 ఆసియా కప్. అది మహారాష్ట్రలో జరిగింది. పుణేలో సెమీఫైనల్లో జపాన్‌తో 2-2 అయ్యాక షూటౌట్‌లో చైనా గోల్‌కీపర్ ఝు యూ పెనాల్టీలను ఆపి 4-3తో గెలిపించింది. నవీ ముంబైలో ఫైనల్లో దక్షిణ కొరియా చేతిలో మొదటి సగానికే 0-2తో వెనుకబడిన చైనా, ఇంజురీ టైమ్ గోల్‌తో 3-2గా గెలిచి, 2006 తర్వాత తొలిసారి ఆసియా కప్ ఎత్తింది. అప్పటి కోచ్ షుయి చింగ్‌షియా గావోతో కలిసి 1996 ఒలింపిక్ రజతం గెలిచిన మిడ్‌ఫీల్డర్. అంటే ఆ తరం కోచింగ్ ఫలం మన గడ్డ మీదే పండింది, మన జట్టు మాత్రం కోవిడ్ వల్ల టోర్నమెంట్ మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది.

సెంటర్‌హాఫ్

షుయి మిడ్‌ఫీల్డర్ అన్న మాటను గమనించండి. సీనియర్ జట్టు పగ్గాలు వచ్చింది మిడ్‌ఫీల్డర్‌కే. నా వాదన ఇంకా చావలేదు.

కొత్త సభ్యురాలు

చివరిగా ఒక సందేహం. స్కర్రీ 1999లో చేసినట్టు ఇప్పుడు ఎవరైనా గీత దాటి ముందుకు వచ్చి ఆపితే ఏమవుతుంది?

బాక్స్ లోపల

2019 నుంచి నిబంధన స్పష్టంగా ఉంది: కిక్ తగిలే క్షణంలో గోల్‌కీపర్ పాదాల్లో కనీసం ఒకటి గీత మీద గానీ, గీతకు సరిగ్గా పైన గాలిలో గానీ ఉండాలి; 2022 నుంచి గీత వెనుక ఉన్నా సరిపోతుంది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో జరిగిన మహిళల ప్రపంచ కప్‌లో వీడియో రిఫరీ సాయంతో దాన్ని పట్టుపట్టి అమలు చేశారు. అర్జెంటీనా మ్యాచ్‌లో 3-2తో ముందున్న స్కాట్లాండ్ గోల్‌కీపర్ లీ అలెగ్జాండర్ ఇంజురీ టైమ్‌లో పెనాల్టీని ఆపింది, గీత దాటిందని వీడియోలో తేలడంతో మళ్ళీ కొట్టించారు, రెండోసారి గోల్ అయింది, 3-3తో స్కాట్లాండ్ ఇంటిదారి పట్టింది. నాకౌట్ దశ షూటౌట్లలో ఇదే కారణానికి గోల్‌కీపర్లు ఎల్లో కార్డులతో బయటికి పోతారేమోనన్న భయంతో ఆ టోర్నమెంట్ మధ్యలోనే కార్డు చూపడాన్ని నిలిపివేశారు. తర్వాత నిబంధనల్లోనే మొదటిసారికి హెచ్చరిక, మళ్ళీ చేస్తే ఎల్లో కార్డ్ అని రాశారు.

కనుక ఈ రోజుల్లో అయితే లియు యింగ్ ఆ కిక్‌ను మళ్ళీ కొట్టేది. గోల్ చేసి ఉండేదని మాత్రం నేను పూచీ పడలేను.